పాత బ్యాంకు ప్రోగ్రామ్, కొత్త గ్రిడ్: ఉండాలా, వెళ్లిపోవాలా?

ప్రశ్న: బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు టెక్నాలజీ సెంటర్‌లో చేరాను. ఇరవై ఏళ్ల కిందటి సీ ప్లస్ ప్లస్ రిస్క్ ప్రోగ్రామ్‌ని (బ్యాంకుకు ఎంత నష్టం రావచ్చో లెక్కకట్టేది) గ్రిడ్ మీద నడిచేలా మార్చే టీమ్‌లో వేశారు. ఫ్రెండ్సంతా ఏఐ అంటున్నారు. నేను పాత కోడ్‌లో ఇరుక్కుపోతానా?

జవాబు: మీరు ఆ కోడ్‌లో ఏ పని చేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. గ్రిడ్ అంటే తెలిసిందే: ఒక్క మెషీన్ రాత్రంతా చేసే లెక్కను ముక్కలు చేసి వందల సర్వర్లకు పంచడం. ఐబీఎం సింఫనీ, టిబ్కో గ్రిడ్‌సర్వర్ లాంటివి ఆ పంపకం చూసుకుంటాయి. అవి వాడటం నెల రోజుల్లో వచ్చేస్తుంది, రెజ్యూమెలో దానికి పెద్ద విలువ లేదు.

విలువంతా పాత ప్రోగ్రామ్ లోపల ఉంది. ఈ మెషీన్‌లో నేనొక్కదాన్నే ఉన్నానన్న ధీమాతో రాసిన కోడ్ అది. గ్లోబల్ వేరియబుల్స్ (ప్రోగ్రామంతా పంచుకునే విలువలు), ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫైలు, ఎప్పటికీ మారని సీడ్ (రాండమ్ అంకెల వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య). ఈ సీడ్ సంగతే చూడండి. మాంటె కార్లో పద్ధతిలో, అంటే మార్కెట్ ఎలా మారొచ్చో రాండమ్ అంకెలతో ఊహిస్తూ, 10 లక్షల సినారియోలు లెక్కించాలి. 100 సర్వర్లకు తలా 10,000 పంచారు. అన్నీ ఒకే సీడ్‌తో మొదలైతే, అన్నీ అవే 10,000 సినారియోలు లెక్కిస్తాయి. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, అంకె కూడా నమ్మేలాగే ఉంటుంది, కానీ అందులో ఉండే పొరపాటు మేర (స్టాండర్డ్ ఎర్రర్) పది రెట్లు పెద్దది. ఇలాంటిది పట్టుకున్నవాళ్లను ఏ టీమూ వదులుకోదు.

ఇంకోటి, మీ పైథాన్‌లోనే చేసి చూడండి. 0.1, 0.2 కూడి దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కూడి 0.1 కలిపితే 0.6. గ్రిడ్‌లో ఏ సర్వర్ ముందు ముగిస్తే దాని ఫలితం ముందు వచ్చి కలుస్తుంది కాబట్టి నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె చివర్లో కొంచెం తేడా పడతాయి. ఆడిటర్ "ఎందుకు?" అంటాడు. పెద్ద ఏఐ మోడళ్లను వేల జీపీయూల మీద ట్రైన్ చేసేవాళ్లకూ ఇదే తలనొప్పి, కాబట్టి ఫ్రెండ్స్‌కీ మీకూ మధ్య దూరం అనుకున్నంత లేదు.

చదవాల్సింది ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత కొనే, అమ్మే హక్కులు), బాండ్ల ధర కట్టే లెక్కలు. ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్) పరీక్షకు మాత్రం ఇప్పుడే ఫీజు కట్టకండి, ఆ లెక్కల మీద ఇష్టం కుదిరాక చూద్దాం.

రాత్రి గ్రిడ్ మీద లెక్కలు పెట్టడం, ఫెయిలైనవి మళ్లీ నడపడం, ఏడాదయ్యాక కూడా ఇంతే పనైతే మాత్రం వెళ్లిపోండి, మొహమాటపడొద్దు. అంతకంటే ముందు ఈ వారంలో మేనేజర్‌ని ఒకటి అడగండి: పాత అంకెనూ కొత్త అంకెనూ సరిచూసే పని ఎవరు చేస్తున్నారు? అందులో నన్నూ వేస్తారా?