ఇల్లూ వాకిలీ: చెరువు పక్కన ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మావారు మార్చిలో రిటైరయ్యారు. హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు దగ్గర 150 గజాల్లో పాత ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. డాబా ఎక్కితే చెరువు కనిపిస్తుంది. మున్సిపల్ పర్మిషన్ ఉంది, ఇంటి పన్ను రసీదులున్నాయి, బ్యాంకువాళ్లు లోన్ ఇస్తామంటున్నారు. మా అబ్బాయి మాత్రం కూల్చివేతల వార్తలు చూపించి వద్దంటున్నాడు. మీరూ ఆ చెరువు దగ్గరే ఉంటారట కదా, ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: అవునమ్మా, 1989 నుంచి ఇక్కడే ఉంటున్నాం. మీ అబ్బాయిది ఉత్త భయం కాదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట మా వీధిలో కూరగాయల బండి దగ్గర కూడా వినిపిస్తోంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. దాని లోపల ఇల్లు కట్టకూడదు. గీత దాటాక కూడా కొంత జాగా వదలాలి, అదే బఫర్. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు పాతికెకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. మాది 1626లో తవ్వించిన చెరువు, 99 ఎకరాలని చెబుతారు. కాబట్టి 30 మీటర్ల లెక్కే చూసుకోండి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులుంటాయి. దస్తావేజులోని సర్వే నంబరు పట్టుకుని చూడండి. మ్యాపు అర్థం కాకపోతే లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, బ్యాంకు లోన్... ఇవేవీ ఎఫ్‌టీఎల్‌కు జవాబు కావు.

కాగితాలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు ఇల్లు చూడండి. డాబా మీద నుంచి కాదు, గేటు దగ్గర నుంచి.

మేం ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్లం. తర్వాత పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు పోశారు. కొన్నేళ్లకు దాని మీద ఇంకోటి. ఇప్పుడు మా గేటు తీసి ఒక మెట్టు దిగితే గానీ వాకిట్లోకి రాలేం. ఇల్లు ఎక్కడిది అక్కడే ఉంది, వీధి పైకెక్కి కూర్చుంది. మీరు చూస్తున్నది పాత ఇల్లంటున్నారు కాబట్టి రోడ్డు ఎంత ఎత్తులో ఉందో, గడప ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవండి. మొహమాటపడకండి.

2020 అక్టోబరు 13 రాత్రి మాకు ఆ ఒక్క మెట్టు విలువ తెలిసొచ్చింది. మావి గొలుసుకట్టు చెరువులు. పైన మీర్‌పేట వైపు చెరువులు పొర్లితే ఆ నీళ్లు మా చెరువులోకే వస్తాయి, ఇది నిండితే మూసీకి పోవాలి. ఆ రాత్రి నీళ్లు మొదట గేటులోంచి రాలేదు. బాత్రూమ్ జాలీలోంచి బుడబుడమంటూ వచ్చాయి. అప్పటిదాకా టార్చి పట్టుకుని గేటు దగ్గర కాపలా కాస్తున్నాం మేం! సంపులోకి మురుగు చేరింది. బీరువా కింది అరలో పెళ్లి ఆల్బమ్ ఉండేది, పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. స్టోర్ రూమ్ గోడ మీద మోకాలి ఎత్తున గోధుమరంగు చార మిగిలింది. అన్ని గదులకూ సున్నం వేయించాం గానీ ఆ గోడ ముట్టుకోనివ్వలేదు నేను. అద్దెకు అడగడానికి వచ్చినవాళ్లకు అదే చూపిస్తాను.

మీకు అలాంటి చార ఎవరూ చూపించరు. కింద మూడడుగుల మేర మాత్రమే కొత్త రంగు కనిపిస్తే, లేదా పడకగదిలో నడుము దాకా టైల్స్ అంటించి ఉంటే, ఎందుకని అడగండి. స్విచ్ బోర్డులు మామూలుకన్నా పైకి ఎక్కించారేమో చూడండి. బ్రోకర్ని పక్కన పెట్టి వీధి మలుపులో ఇస్త్రీ బండి అతన్ని పలకరించండి. ఎవరింట్లో ఏ మెట్టు దాకా నీళ్లొచ్చాయో అతనికి కంఠతా వచ్చు. ఒకసారి వాన కురుస్తున్నప్పుడు కూడా వెళ్లండి, చెప్పులు పాడైనా ఫర్వాలేదు.

మేం తర్వాత చేసినవి కొన్నే. డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్, సంపు మూతి చుట్టూ అడుగున్నర గోడ, మోటారు స్విచ్ ఛాతీ ఎత్తుకు. గేటు దగ్గర గట్టు కట్టిద్దామంటే, వానొస్తే లోపలి నీళ్లు బయటికి పోవని మావారు ఒప్పుకోలేదు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

మీరు చూసిన ఇల్లు బఫర్‌లో ఉంటే సగం ధరకిచ్చినా వద్దు. బఫర్ బయట ఉండి, గడప రోడ్డుకన్నా రెండడుగులు పైన ఉంటే కొనుక్కోండి. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం కట్ట మీదికి నడుచుకుంటూ వెళ్లి రావడం కూడా చిన్న సంగతేం కాదు.

ప్రశ్న: చెరువుకు రెండు వీధుల అవతల మా ఫ్లాట్. ఏసీలో మూడేళ్లలో రెండుసార్లు గ్యాస్ పోయింది. వెండి కుందులు తోమిన వారానికే నల్లబడుతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉండే అవకాశమే ఎక్కువ. మురుగు కలిసిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే అడుగున కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అది వెండి మీద నల్లటి పొర కడుతుంది, ఏసీలో రాగి కాయిల్‌ను తినేస్తుంది. సూది మొనంత చిల్లు పడినా గ్యాస్ పోతుంది. మళ్లీ గ్యాస్ నింపించే ముందు లీకు ఎక్కడుందో వెతికించండి. కాయిల్ మార్చాల్సి వస్తే పైన రక్షణ పూత ఉన్నది అడగండి.

కుందులకు టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కుందులు దానికి తగిలేలా పెట్టి, వంటసోడా వేసి మరిగిన నీళ్లు పోయండి. కాసేపటికి నలుపు వదులుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఆ గిన్నెలోంచి అచ్చం చెరువు వాసనే వచ్చింది. కంగారు పడకండి, వెండిని పట్టుకున్నదే వదిలిపోతోందన్నమాట. కావాలని నల్ల మెరుగు పెట్టించిన నగలను మాత్రం అందులో వేయకండి.

ప్రశ్న: చెరువు నిండా గుర్రపు డెక్క. దోమలతో చస్తున్నాం. మా పాపకు డెంగీ కూడా వచ్చింది. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: పాప కోలుకుందని అనుకుంటున్నాను. గుర్రపు డెక్క తీయమని మున్సిపల్ ఆఫీసులో కాలనీ తరఫున రాతపూర్వకంగా ఇవ్వండి. చీకటి పడగానే చెవి దగ్గర రొదపెట్టే దోమలు చాలావరకు ఆ మురుగులోవే. డెంగీ దోమ వేరు. అది పగలు కుడుతుంది, ఇంట్లోనూ ఇంటి చుట్టూ నిలిచిన మంచి నీళ్లలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకని వారానికోసారి కూలర్, పూలకుండీల కింది పళ్లేలు, మనీప్లాంట్ సీసా ఖాళీ చేసి తోమండి. ఫ్రిజ్ వెనక ట్రే మర్చిపోకండి. మా ఇంట్లో మొన్న అదే తీసి చూస్తే, టీ చెంచాడు నీళ్లలో పురుగులు లుకలుకలాడుతున్నాయి.