నీ కథల నాయిన చేతికి ఏ రైఫిల్

తమ్మీ,

కథ సదివిన. మర్రిగూడ దిక్కు నుంచి కొడుకు దగ్గరికి టెక్సస్ పోయిన నాయిన, దోస్తు పొలంల ఖాళీ డబ్బాలు వరుసగ పెట్టి కొడుకు తోటి కలిసి పాయింట్ టూటూ (.22, చిన్న తూటా) రైఫిల్ కొట్టుడు, కథంతా ఆ సీన్ మీదనే నిలబడ్డది. లివర్ ఇయ్యాల్నా సెమీ ఆటోమేటిక్ ఇయ్యాల్నా అని అడిగినవ్, పాతకాలం మనిషి గదా అని లివర్ పెట్టిన అన్నవ్. గా లెక్కన తీసుకోకు తమ్మీ, ముందు నాయిన మోచెయ్యి సూడు.

రెండు ఎట్ల పనిచేస్తయో నీకు సాఫ్‌గ తెల్వాలె, ఎందుకంటే నువ్వు రాసిన దాంట్ల నాయిన లివర్ రైఫిల్ తోటి ట్రిగ్గర్ రెండుసార్లు గుంజితే రెండు తూటాలు పోయినయి. పోవు. ఒకటి కొట్టినంక ట్రిగ్గర్ చుట్టూత ఉన్న కడెంల వేళ్లు పెట్టి కిందికి, ముందలికి పూర్తిగ నూకాలె, అప్పుడు పేలిన తూటా ఖాళీ కేసు బయటికి ఎగురుతది, మళ్ల ఎనుకకు గుంజితే కొత్త తూటా లోపలికి పోతది, సగం నూకి ఆపితే కొత్తది రాదు, ట్రిగ్గర్ గుంజితే టిక్కుమంటది గంతే. సెమీ ఆటోమేటిక్‌ల ఈ పని అంతా పేలిన తూటా వత్తిడే చేస్తది, బోల్టు, అంటే తూటా ఎనుక మూసే ఇనుప ముక్క, దానంతట అదే ఎనుకకు పోయి ఖాళీని ఇసిరేసి కొత్తది ఎక్కిస్తది, మనిషి ట్రిగ్గర్ ఇడిసి మళ్ల గుంజుడే, ఒకసారి గుంజితే ఒక్కటే పోతది.

ఇప్పుడు మోచెయ్యి సంగతి. నువ్వే రాసినవ్, చిన్నప్పటి నుంచి బోరింగు నీళ్లు తాగి నాయిన చేతులు పూర్తిగ చాపరావని. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితేనే ముప్పు అంటరు, మునుగోడు, మర్రిగూడ దిక్కు ఆ తరం తాగిన నీళ్లల్ల దానికంటె చాలా ఎక్కువనే ఉండె. గసోంటి చెయ్యికి లివర్ పూర్తిగ నూకుడు అంటే మాటలా? మొదటి డబ్బా పడ్తది, నాయిన లివర్ నూకుతడు, మోచెయ్యి ఒక కాడ ఆగిపోతది, భుజం మొత్తం తిప్పి చూస్తడు, మళ్ల గుంజి ట్రిగ్గర్ ఒత్తితే టిక్కుమంటది. కొడుకు తుపాకి అందుకోబోతడు, నాయిన ఇయ్యడు, బట్టు (తుపాకి ఎనుక భాగం) తొడ మీద ఆనిచ్చి మూతి డబ్బాల దిక్కే పెట్టి లివర్ కడదాక నూకుతడు. ఇదంతా నీ కథలనే ఉన్నది, నువ్వు చూడకుండ దాటిపోయినవ్.

తూటాలు నింపుడు గూడ ఇడువకు. హెన్రీ కంపెనీ పాయింట్ టూటూ లివర్ రైఫిల్‌ల బ్యారెల్ కింద ఒక గొట్టం ఉంటది, మూతి దిక్కు నుంచి లోపలి ఇత్తడి ట్యూబు పైకి గుంజి, పక్కన ఉన్న సందుల నుంచి తూటాలు ఒక్కొక్కటి ఏయాలె, లాంగ్ రైఫిల్ అనే రకం తూటాలు 15 పడ్తయి. ఒక్కో తూటా అంగుళం పొడుగే, బిగుసుకపోయిన వేళ్లల్ల నిలవవు, గడ్డిల పడ్తయి, ఎతుక్కుంటరు. మూతి దిక్కు నుంచి నింపుడు చూసి నాయినకు వాళ్ల నాయిన చెప్పిన భర్మార్లు యాదికొస్తయి, 1946 తర్వాత సాయుధ పోరాటంల మన నల్లగొండ ఊర్లల్ల వడిసెల, గుతుప తోటి పాటు ఉన్నయి అవే గదా, మూతిల మందు పోసి సలాక తోటి దట్టించేటియి. అక్కడ నాయినతోటి రెండు మాటలు మాట్లాడించు.

సెమీ ఆటోమేటిక్ ఇస్తే కథ ఇంకో దిక్కు పోతది. రూగర్ కంపెనీ 10/22 రైఫిల్ ఉన్నది, 1964 నుంచి వస్తున్నది, పది తూటాల మ్యాగజైన్, నాయిన చెయ్యి కదిలియ్యకుండనే పది కొడ్తడు, కొడుక్కు ఆ మోచెయ్యి కనపడనే కనపడదు. కొడుక్కు తెల్వకపోవుడే నీ కథ అయితే అదే పెట్టు, అది గూడ గట్టి కథనే. కొడుకు చూడాలంటే మాత్రం లివర్. నాకు లివర్ కథనే ఇష్టం, కాని రాసేది నువ్వు.

ఇంకో రెండు మూడు తప్పులున్నయి. నాయిన దెబ్బకు ఎనుకకు పడ్డడు అని రాసినవ్, పాయింట్ టూటూ బుల్లెట్ రెండున్నర గ్రాములంత ఉంటది, భుజానికి తగిలినట్టే ఉండదు, తీసెయ్. కొడుకు మ్యాగజైన్ తీసి, ఖాళీ అయింది అని తుపాకి పిల్లగాని చేతికిచ్చిండు, తెలిసినోడు ఎవడైనా అక్కడ భయపడ్తడు, మ్యాగజైన్ తీసినా లోపల ఒకటి ఉండొచ్చు. లివర్ అయితే నూకి, సెమీ ఆటోమేటిక్ అయితే బోల్టు గుంజి, లోపల కండ్లతో చూసినంకనే ఇయ్యమను.

వీసా సంగతి అన్నిటికంటె పెద్దది. కొడుకు హెచ్‌వన్‌బీ, నాయిన విజిటర్ వీసా, వీళ్లు అమెరికాల మామూలుగ తుపాకి కొనరాదు, చేతుల పట్టుకోరాదు, హంటింగ్ లైసెన్స్ అసోంటి మినహాయింపు ఉంటెనే. షాపుల 4473 అనే ఫారం నింపాలె, అండ్ల ఇది అడుగుతరు. కొడుక్కు గ్రీన్ కార్డ్ ఇచ్చినా నాయినకు హంటింగ్ లైసెన్స్ కావాలె, గ్రీన్ కార్డ్ ఇయ్యకుంటే ఇద్దరికి తీసుకున్నట్టు ఒక పేరా రాయి, నాయిన ఆ కౌంటర్ కాడ పేరు చెప్పుడు మంచి సీన్ అయితది. ఫ్లాష్‌బ్యాక్‌ల మన ఊరి దొర చేతిల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పెట్టినవ్ గదా, అది అస్సలు కుదరదు, మన దగ్గర 2016 ఆయుధాల రూల్స్‌ల గూడ అవి మామూలు లైసెన్స్ మీద వచ్చే రకం గాదు. దొరకు డబుల్ బ్యారెల్ పెట్టు.

లివర్ సీన్ ఒక్కటి తిరగ రాసి పంపు, మిగిలింది అటెంక చూద్దాం.

మీ అన్న