సీఎస్‌ఈ వద్దంటోంది, పార్కులూ బస్టాండ్లూ డిజైన్ చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పార్కులు, బస్టాండ్లు, మ్యూజియాల్లో జనం వాడేవన్నీ డిజైన్ చేస్తానంటోంది. ఆరు నెలల యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి సులువుగా రూపొందించే పని) కోర్సు చాలని మా బావమరిది అంటున్నాడు. బీఆర్క్, బీడిజైన్, సీఎస్‌ఈల్లో ఏది మేలు?
– ఒక తండ్రి, కావలి

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించి. లోపలి భయం వేరు: అందరి పిల్లలూ సీఎస్‌ఈలో చేరుతుంటే మన పిల్ల వెనకబడిపోతుందేమోనని. వెనకబడదు. జనం వాడే చోట్లు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. సూచనలతో సరిపెట్టకుండా తప్పనిసరి నిబంధనలు తెమ్మని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ నిబంధనల ప్రకారం కొలతలు తెలిసినవాళ్లకు పని ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే, అదీ దాచను.

నా అనుమానమంతా ఆ యూఎక్స్ కోర్సు మీదే. అక్కడ ఎక్కువగా నేర్పేది ఫోను తెర. బస్టాండులో టచ్ స్క్రీన్ పెట్టాలంటే ముందు ఎండ చూడాలి. పడమటి ఎండ నేరుగా పడితే సాయంత్రం అక్షరం కనిపించదు. తడి వేలికి తెర సరిగా స్పందించదు. తెర మీద నొక్కే బటన్లు నేల నుంచి 1200 మిల్లీమీటర్లు దాటితే వీల్‌చైర్‌లో ఉన్నవారికి అందవు. కింద మోకాళ్లు దూరడానికి 700 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఖాళీ లేకపోతే వాళ్లు దగ్గరికే రాలేరు. ర్యాంపు వాలు 1:12, అంటే 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్ల ర్యాంపు. మన దగ్గర మిగిలిన రెండు మీటర్లలోనే పోసేస్తారు, ఎక్కబోతే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. మైపాడు తీరంలోని ఉప్పుగాలిలో ఉయ్యాలకు మామూలు ఇనుప బోల్టులు వేస్తే తుప్పు తినేస్తుంది. ఆట పరికరంలో 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందు వదిలితే పిల్లవాడి ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. పిల్లలు తడిసే ఫౌంటెన్‌కు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా కరెంటు ఇవ్వకూడదు. ప్రాణాలతో ముడిపడ్డ పని ఇది, ఆరు నెలల్లో రాదు.

ఇక పోలిక. చోటంతా తన చేతుల్లో ఉండాలంటే బీఆర్క్: ఐదేళ్లు, ఆర్కిటెక్ట్‌గా రిజిస్ట్రేషన్ వస్తుంది. వస్తువులు, సూచిక బోర్డులు, తెరలైతే బీడిజైన్. డిజైన్ చదువులు చెప్పే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ మన రాష్ట్రంలోనే ఉంది. సీఎస్‌ఈ చదివినా తర్వాత సీడ్ ప్రవేశ పరీక్ష రాసి పీజీ ఎండిజైన్‌కు వెళ్లొచ్చు. ఏ దారీ మూసుకుపోదు.

ఒక మాట కటువుగానే చెబుతాను. మీ ఉత్తరంలో బావమరిది సలహా ఉంది గానీ, అమ్మాయికి ఈ ఆలోచన ఎందుకొచ్చిందో లేదు. అడిగారా? ఎవరు ఎక్కడ ఇబ్బంది పడటం చూసిందో? ఇది బంధువుల మధ్య కూర్చుని తేల్చే విషయం కాదు.

ఓ ఆదివారం ఆమెను నెల్లూరు స్వర్ణాల చెరువు ఘాటుకు తీసుకెళ్లండి. మెట్ల ఎత్తు, పట్టుకునే కడ్డీ, తడి నేల ఎక్కడ జారుతోంది, అన్నీ కొలిచి 1:50 స్కేలులో, అంటే 50 సెంటీమీటర్లను ఒక సెంటీమీటరుగా, గీయమనండి. అక్కడి రొట్టెల పండుగ రద్దీలో జనం ఎటు వచ్చి ఎటు పోతారో, ఎక్కడ ఇరుక్కుంటారో అదే కాగితం మీద గుర్తు పెట్టమనండి. కళ్లకు గంతలు కట్టుకుని నడిచి చూడటం మాత్రం వద్దు, దానివల్ల భయం తప్ప ఏమీ తెలియదు. చూపు లేనివారితో, వీల్‌చైర్ వాడేవారితో కలిసి నడిచి వాళ్లనే అడగాలి. నెల తర్వాత ఇంకో చోటు కొలుస్తానంటే నాటా (బీఆర్క్ ప్రవేశ పరీక్ష), యూసీడ్ (ఐఐటీల వంటి చోట్ల బీడిజైన్ ప్రవేశ పరీక్ష) దరఖాస్తులు పెట్టించండి. అప్పటిదాకా టేపు రెండో కొస మీరు పట్టుకోండి.