ఇండియన్లు తక్కువ ఉన్న అమెరికన్ ఊరికి మారుతున్నాం. అక్కడి జనం మనల్ని కలుపుకుంటారా? సర్వేలు చెప్పేది నమ్మొచ్చా?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి కాన్సస్ సిటీ పక్కన ఒక ఊరికి ఉద్యోగం మీద వెళ్తున్నారు, అక్కడ మనవాళ్లు తక్కువ, పిల్లలింకా ఎలిమెంటరీలోనే ఉన్నారు, ఆ వైపు మనవాడి మీద కాల్పులు జరిగాయని మీ నాన్నగారు భయపడుతున్నారు, జనం కలుపుకుంటారా లేదా అన్నది ఒకటి. అమెరికన్లలో జాతి వివక్ష దాదాపు పోయిందని సర్వేల్లో వస్తోంది కదా, అది ఎంతవరకు నిజం అన్నది ఇంకొకటి. రెండోదానితో మొదలుపెడతాను, అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది.

నాది ఖమ్మం. పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక, స్టూడెంట్ వీసాకి మారి మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో సోషియాలజీ ఎం.ఏ. చేశాను. చేతి ఖర్చుల కోసం ఆ యూనివర్సిటీ సర్వే సెంటర్‌లోనే సాయంత్రాలు ఫోన్ ఇంటర్వ్యూలు చేసేదాన్ని. వరసగా చిన్న చిన్న క్యూబికల్స్, తలకి హెడ్‌సెట్, ఎదురుగా స్క్రీన్ మీద ప్రశ్న. దాన్ని అక్షరం పొల్లు పోకుండా చదవాలి, అవతలివాళ్లు "అంటే ఏంటి" అని అడిగినా "మీకెలా అర్థమైతే అలా చెప్పండి" అనాలే తప్ప వివరించకూడదు, జవాబు విని "అవునా", "మంచిది" అనడం కూడా తప్పే, మధ్యమధ్యలో సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చి వింటుండేది. అడిగే మనిషిని బట్టి జవాబు మారకూడదని ఇంత కట్టుదిట్టం. అంతా బాగానే ఉంది, మరి నా యాసని ఏం చేస్తారు?

వలసలు పెంచాలా, తగ్గించాలా, ఇప్పుడున్నట్టే ఉంచాలా అని అడిగితే ఒక పెద్దావిడ కాసేపు ఆగి "తగ్గించాలి" అంది, అని వెంటనే "నీలాంటి వాళ్ల గురించి కాదమ్మా, మీరు కష్టపడి పనిచేస్తారు" అని కలిపింది. స్క్రీన్ మీద ఆ రెండో మాటకి గడి లేదు. నేను "తగ్గించాలి" నొక్కి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. పక్క క్యూబికల్‌లో విస్కాన్సిన్ పల్లెటూరి కుర్రాడు ఒకడుండేవాడు, అదే ప్రశ్న అతను అడిగితే కొందరు ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్లు, నాకేమో ఎక్కువగా మర్యాదగా "ఉన్నట్టే ఉంచితే చాలు" అని వచ్చేది. ఇది నా ఒక్కదాని అనుభవం అయితే పక్కన పెట్టేయొచ్చు, కానీ 1968లో డెట్రాయిట్‌లో హోవర్డ్ షూమన్, జీన్ కాన్వర్స్ అనే పరిశోధకులు ఇదే విషయాన్ని పద్ధతిగా పరీక్షించారు. నల్లజాతి వాళ్ల ఇళ్లకి కొన్నిచోట్ల తెల్లవాళ్లని, కొన్నిచోట్ల నల్లవాళ్లని ఇంటర్వ్యూకి పంపిస్తే, తెల్లవాళ్ల మీద కోపం గురించిన ప్రశ్నలకి జవాబులు తేడాగా వచ్చాయి, తెల్ల మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ కోపం మెత్తబడింది. మొహమాటం మన సొంతం అనుకుంటాం కానీ అమెరికన్లూ తక్కువేం తినలేదు.

అలాగని సర్వేలన్నీ చెత్త అనడం లేదు. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య పెళ్లిళ్లని ఒప్పుకుంటారా అని గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు 1958లో అడిగితే ఒప్పుకున్నవాళ్లు 4 శాతం, 2021లో 94 శాతం. 1967లో సుప్రీంకోర్టు లవింగ్ కేసులో తీర్పు ఇచ్చేదాకా 16 రాష్ట్రాల్లో అలాంటి పెళ్లి చట్టవిరుద్ధం కూడా. ఆ 94లో కొంత మొహమాటం ఉంటుంది, ఉండనివ్వండి, మొహమాటం ఏ వైపుకి మొగ్గిందో చూడండి. 1958లో మొహమాటపడ్డవాడు "వద్దు" అనేవాడు, ఇప్పుడు మొహమాటపడేవాడు "సరే" అంటున్నాడు. ఏ మాట పైకి అంటే నలుగురిలో పరువు పోతుందో అది మారింది, నా లెక్కలో అది చిన్న సంగతి కాదు. అయితే మనసులో ఏముందో ఆ అంకె చెప్పదు, దానికి మనుషులు చేసే పనులు చూడాలి. కొత్తగా పెళ్లయిన వాళ్లలో వేరే జాతి మనిషిని చేసుకున్నవాళ్లు 1967లో 3 శాతం, 2015లో 17 శాతం అని ప్యూ అనే పరిశోధనా సంస్థ లెక్క. పెరిగింది, నిజంగానే బాగా పెరిగింది, కానీ 94 ఎక్కడ, 17 ఎక్కడ?

ఈ మాటకీ చేతకీ ఉన్న దూరాన్ని మొదట పట్టుకున్నది రిచర్డ్ లాపియర్ అనే సోషియాలజీ ప్రొఫెసర్. 1930ల మొదట్లో ఆయన ఒక చైనీస్ యువ జంటతో కలిసి కారులో దేశమంతా తిరిగాడు, హోటళ్లూ రెస్టారెంట్లూ కలిపి 251 చోట్లకి వెళ్లారు, కుదరదు పొమ్మన్నది ఒక్కచోట. తర్వాత ఆ యజమానులకే "మీ దగ్గరికి చైనా వాళ్లు వస్తే రానిస్తారా" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన వాళ్లలో 90 శాతం పైగా "రానివ్వం" అన్నారు. అంటే నోటితో వద్దన్నవాళ్లే, మంచి బట్టలేసుకుని నవ్వుతూ ఎదురుగా నిలబడితే గది ఇచ్చేశారు. (కౌంటర్ దగ్గర పక్కనే ఒక తెల్ల ప్రొఫెసర్ ఉన్నాడు కదా, ఉత్తరానికి జవాబు రాసినవాడూ ఆరోజు గది ఇచ్చినవాడూ ఒకడేనా అని అభ్యంతరాలున్నాయి, న్యాయమైనవే.)

దీనికి పూర్తిగా తిరగేసిన కథ మిల్వాకీలో జరిగింది. డెవా పేజర్ అనే పరిశోధకురాలు ఒకేలాంటి అర్హతలున్న కుర్రాళ్లని చిన్నస్థాయి ఉద్యోగాలకి అప్లై చేయించింది, తేడా రెండే, ఒంటి రంగు, ఇంకా డ్రగ్ కేసులో జైలుకెళ్లొచ్చినట్టు కాగితం మీద రాయడం. 2003లో అచ్చయిన ఫలితం ఇది: జైలు రికార్డున్న తెల్ల కుర్రాళ్లని 17 శాతం చోట్ల తిరిగి పిలిచారు, ఏ రికార్డూ లేని నల్ల కుర్రాళ్లని 14 శాతం చోట్ల. మళ్లీ చదవండి కావాలంటే. ఆ తర్వాత అదే యజమానులకి ఫోన్ చేసి, డ్రగ్ కేసులో జైలుకెళ్లొచ్చిన కుర్రాడు వస్తే తీసుకుంటారా అని అడిగితే, తెల్లవాడి గురించి అడిగినా నల్లవాడి గురించి అడిగినా సగానికి పైగా "తీసుకుంటాం" అనే అన్నారు. పేజర్, లింకన్ క్విలియన్ కలిసి 2005లో రాసిన పేపర్ అది. "తీసుకుంటాం" అన్నవాళ్లు నిజంగా పిలిచిన దాఖలా మాత్రం ఎక్కువేం లేదు.

కాబట్టి "వాళ్లకి మనమంటే ఇష్టమా కాదా" అన్న ప్రశ్నకి ఏ సర్వేలోనూ జవాబు వెతకకండి. నాకు ఇంకా పనికొచ్చినది, పాతదే అయినా, ఎమొరీ బొగార్డస్ అనే సోషియాలజిస్టు 1925 ప్రాంతంలో తయారుచేసిన కొలత. ఫలానా జాతి మనిషిని పెళ్లి సంబంధంగా ఒప్పుకుంటారా, స్నేహితుడిగా, పక్కింటివాడిగా, ఆఫీసులో తోటివాడిగా, దేశ పౌరుడిగా, వచ్చిపోయే అతిథిగా ఒప్పుకుంటారా, లేక అసలు దేశంలోకే రావద్దంటారా, ఇలా ఏడు మెట్లు. 1926లో దాంతో దేశమంతా కొలిస్తే మనం ఎక్కడున్నామో తెలుసా, జాబితా అడుగున. ఆశ్చర్యం ఏముంది, అంతకు మూడేళ్ల ముందే, 1923లో, భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టే భారతీయులు తెల్లవాళ్ల కింద రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది.

ఈ మెట్ల లెక్కలో చూస్తే ఇప్పుడు మన పరిస్థితి తేలిగ్గా అర్థమవుతుంది. ఆఫీసు మెట్టు, పక్కింటి మెట్టు దాదాపు సాఫీ. ఇంట్లోకి పిలిచే మెట్టు దగ్గర ఆగిపోతుంది. దానికి కారణం ఎప్పుడూ ద్వేషమే అనుకోకండి. అమెరికన్ల మధ్యే మెట్లు మారిపోతున్నాయి: మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీ వాళ్లని పెళ్లాడితే బాధపడతారా అంటే 1960లో అవునన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా దాటలేదు, 2010కి వచ్చేసరికి రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు మంది అవునన్నారు. ఒకప్పుడు రంగు దగ్గర ఉన్న గీత ఇప్పుడు కొంత ఇంటి ముందు పాతే పార్టీ బోర్డుల (యార్డ్ సైన్ల) దగ్గరికి జరిగింది. కొత్త ఊళ్లో మీకు ఇది వివక్షలా కనిపించొచ్చు, నిజానికి మీ ఎదురింటివాడు వాడి సొంత బావమరిదితోనే మాట్లాడటం లేదేమో.

ఇక మన సంగతి. కార్నెగీ ఎండోమెంట్ అనే పరిశోధనా సంస్థ వాళ్లు 2020లో 1,200 మంది భారతీయ అమెరికన్లని సర్వే చేశారు. గడిచిన ఏడాదిలో వివక్ష ఎదురైందన్నవాళ్లు దాదాపు సగం, ఎక్కువమంది చెప్పిన కారణం ఒంటి రంగు. ఇంకో విషయం, ఇక్కడే పుట్టినవాళ్లే ఎక్కువగా ఫిర్యాదు చేశారు, మనలా వలస వచ్చినవాళ్లు కాదు. నాకిది బాగా అర్థమవుతుంది, మనం "పరాయి దేశంలే" అని సర్దుకుపోతాం, మన పిల్లలకి ఇది పరాయి దేశం కాదు కాబట్టి వాళ్లు సర్దుకోరు. అదే సర్వేలో పెళ్లయిన వాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది జీవిత భాగస్వాములు భారతీయ మూలాల వాళ్లే, హిందువుల్లో కాస్త అటూఇటూగా సగం మంది తమ కులం ఫలానా అని చెప్పుకున్నారు. ఫ్రిస్కోలో మీ వాట్సాప్ గ్రూపులు ఒకసారి తెరిచి చూసుకోండి, వాటిలో అమెరికన్లు ఎంతమంది? తెలుగువాళ్లలోనే ఏ ఏ గ్రూపులు? మెట్లు మనవైపు నుంచీ ఉన్నాయి. వాళ్లు పిలవడం లేదని బాధపడే మనం వాళ్లని గృహప్రవేశానికి పిలిచి ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడుకుంటాం, నేను ఇరవై సార్లు చూసుంటాను ఈ తంతు.

మరి మీ ఊరి సంగతి. పక్కపక్కన ఉంటే చాలు, మనుషులు కలిసిపోతారనేది నిజం కాదు. గోర్డన్ ఆల్పోర్ట్ అనే సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు, కలవడం పనిచేయాలంటే ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, పని ఒకటే కావాలి, చెయ్యీ చెయ్యీ కలిపి చేయాలి, పైనున్నవాళ్ల మద్దతు ఉండాలి. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలు పోగేసి చూస్తే కలిసిమెలిసి ఉన్నచోట మొత్తంమీద వ్యతిరేకత తగ్గుతుందనే తేలింది, ఆ నాలుగూ ఉంటే ఇంకా ఎక్కువ. రాబర్ట్ పుట్నమ్ అనే రాజనీతి ప్రొఫెసర్ 2007లో దీనికి అడ్డం తిరిగాడు, రకరకాల జాతులు కలిసి ఉన్న చోట్ల జనం ఎవరినీ నమ్మకుండా, సొంతవాళ్లని కూడా నమ్మకుండా, ముడుచుకుంటున్నారని. ఆ డేటానే తిరగేసి, దానికి పేదరికం, ఎవరు ఆ ఇళ్లలో ఉంటున్నారన్నదే ఎక్కువ కారణం అన్నవాళ్లూ ఉన్నారు. నేను వీళ్లవైపు.

మా ఇల్లు ఇప్పుడు అయోవాలో ఒక చిన్న ఊళ్లో. మంచు పడితే పక్కింటాయన అడక్కుండానే తన స్నో బ్లోయర్‌తో మా డ్రైవ్‌వే కూడా తోసేస్తాడు. అయినా ఏళ్ల తరబడి వాళ్లింట్లో ఒక్క కప్పు కాఫీ తాగలేదు, వాళ్లూ మా గడప తొక్కలేదు. మావాడు బేస్‌బాల్‌లో చేరాక తల్లిదండ్రులందరూ వంతులవారీగా గ్రౌండ్ పక్కన చిన్న షెడ్డులో హాట్ డాగ్‌లు, నాచోస్ అమ్మాలని రూల్ పెట్టారు, నా వంతూ పక్కింటాయన భార్య వంతూ ఒకే సాయంత్రం పడింది. చీజ్ యంత్రం మూసుకుపోతే ఇద్దరం మోచేతుల దాకా చీజ్‌తో దాన్ని విప్పాం, బయట క్యూలో పిల్లలు అరుస్తున్నారు, చిల్లర అయిపోయింది, ఆవిడ క్యూని చూస్తుంటే నేను పరిగెత్తి కారులోంచి నాణేలు తెచ్చాను. ఆల్పోర్ట్ చెప్పిన నాలుగూ ఆ షెడ్డులో ఉన్నాయి. ఆ నెలలోనే ఆవిడ మా ఇంటికొచ్చి పప్పు ఎలా చేస్తారో అడిగి రాసుకుంది. సాంస్కృతిక దినోత్సవం పేరుతో స్కూల్లో చీర కట్టుకుని సమోసాలు పంచితే ఇది జరగదు, అక్కడ మనం ఎప్పుడూ ప్రదర్శనే.

మీ నాన్నగారి భయం గురించి. ఓలేత్‌లో 2017 ఫిబ్రవరిలో తెలుగు ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒక బార్‌లో కాల్చి చంపారు, అది కాన్సస్ సిటీ శివారే, ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అదే బార్‌లో ఇయాన్ గ్రిలాట్ అనే 24 ఏళ్ల తెల్ల కుర్రాడు హంతకుడి వెంటపడి తూటా తిన్నాడు, హ్యూస్టన్‌లోని మనవాళ్లు లక్ష డాలర్లు పోగుచేసి అతనికి ఇల్లు కొనుక్కోమని ఇచ్చారు. ఒక తుపాకీవాడు ఏం చేస్తాడన్నది ఏ సర్వే ముందుగా చెప్పలేదు, పైగా అలాంటివాడు డల్లాస్ దగ్గరైనా ఎదురుపడొచ్చు. ఊరి జనం మొత్తాన్ని అతన్ని బట్టి లెక్కకట్టొద్దని మాత్రం నాన్నగారికి చెప్పండి.

నా సలహా వెళ్లమనే. వెళ్లిన వారంలోనే పిల్లల్ని ఏదో ఒక టీమ్‌లోనో బ్యాండ్‌లోనో వేయండి, తల్లిదండ్రులు పనిచేయాల్సి వచ్చేదైతే మరీ మంచిది, వారాంతాలన్నీ కారెక్కి దగ్గర్లో ఉన్న తెలుగు సంఘానికే పోకండి, అలాగని అది పూర్తిగా మానేయమనీ కాదు. ఇల్లు చూసేటప్పుడు "ఈ వీధిలో ఇండియన్లు ఉన్నారా" అని రియల్టర్‌ని అడక్కండి, ఇళ్ల విషయంలో జాతి వివక్ష చూపకూడదనే 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం వల్ల అలాంటి ప్రశ్నకి వాళ్లు నవ్వి మాట మారుస్తారు, మీరేమో దాన్ని ఇంకోలా అనుకుంటారు. ఆ లెక్కలు ప్రాంతాలవారీగా సెన్సస్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి, ఇల్లు ఖాయం చేసేముందు స్కూలు చుట్టుపక్కల ప్రాంతాలవి చూసుకోండి.