డీజే మోత తగ్గింది, అంటే చెవికి ఏమీ కానట్టేనా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడి బరాత్‌లో డీజే బాక్సుల ముందు రెండు గంటలు ఆడారు, రాత్రంతా చెవుల్లో గుయ్‌మని మోత, మూడో రోజుకు పోయింది. ఇక భయం లేదా, అసలు లోపల ఏం జరిగింది?

మోత పోయింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మా బాపు ముప్పై ఏళ్లు అలాగే ఉన్నాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఆ చప్పుడులో మాట వినపడదు, పోగు తెగినా కండె అయిపోయినా చేతి సైగలే. రాత్రి హోరు, పొద్దున్నే మామూలు. యాభై దాటాక ఇంట్లో ఒక చిత్రమైన గొడవ మొదలైంది. అమ్మ "సరె" అంటే ఆయనకు "అరె" అని వినపడేది. తనను కసురుకుంటోందని కోపం.

అప్పుడు నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. వినికిడి పరీక్ష గ్రాఫ్ చూశాను. హెర్ట్జ్ అంకె పెరిగే కొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది. 2000 హెర్ట్జ్ దాకా గీత బాగానే ఉంది, 4000 దగ్గర గుంటలో పడ్డట్టు దిగి, 8000 దగ్గర కొంచెం లేచింది. పెద్ద శబ్దాల వల్ల చెడిన చెవికి అదే గుర్తు. "స" లాంటి హల్లులు ఉండేది ఆ కీచు స్థాయిల్లోనే, అందుకే ముందు అవే పోయాయి.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి కోక్లియా ఉంటుంది. అందులో శబ్దాన్ని పట్టే దాదాపు 15,000 రోమకణాలు, వాటి తల మీద సన్నటి రోమాలు. శరీరంలో మిగతా చోట్ల పొటాషియం కణం లోపల ఎక్కువ, కానీ ఈ కణాల తల మునిగి ఉండే ద్రవంలోనే అది దండిగా ఉంటుంది. శబ్దానికి రోమాలు వంగగానే పొటాషియం లోపలికి దూకుతుంది. దాన్ని మళ్లీ తోడి ద్రవంలోకి పంపడానికి చాలా శక్తి కావాలి. డీజే ముందు ఈ పని క్షణం ఆగదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల మీద భారం పెరిగి ఎలక్ట్రాన్లు జారిపోతాయి, అవి ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ లాంటి ఫ్రీ రాడికల్స్, అంటే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులు పుడతాయి. ఇవి కణపొర కొవ్వుల్ని పాడు చేస్తాయి. అలా పాడైన కొవ్వుల నుంచి పుట్టే పదార్థాలు రక్తనాళాలను బిగిస్తాయి. అంటే శక్తి ఎక్కువ కావాల్సిన సమయంలోనే రక్తం తగ్గుతుంది. కణంలో కాల్షియం పేరుకుని, చివరికి కణం తనను తానే చంపుకునే ఏర్పాటు మొదలవుతుంది.

నన్ను బాగా కదిలించింది ఇది: జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ రాడికల్స్ శబ్దం ఆగాక కూడా పెరుగుతూ, 7 నుంచి 10 రోజులకు తారస్థాయికి చేరాయి. మీరు ఇంటికొచ్చి పడుకున్నా లోపల నష్టం సాగుతూనే ఉంటుంది. చనిపోయిన రోమకణం మనుషుల్లో మళ్లీ పుట్టదు. పక్షుల్లో పుడుతుంది.

ఇంకొకటి, నరం సంగతి. రోమకణం నరానికి కబురు పంపేది గ్లుటమేట్ అనే రసాయనంతో. అది మోతాదు మించితే నరపు కొస ఉబ్బి ఊడిపోతుంది. 2009లో కుజావా, లిబర్మన్ అనే పరిశోధకులు ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దం రెండు గంటలు వినిపించారు. కొన్ని వారాల్లో వినికిడి మామూలైంది, కానీ కీచు శబ్దాలను పట్టే భాగంలో దాదాపు సగం నరపు అతుకులు శాశ్వతంగా పోయాయి. మామూలు పరీక్షలో ఇది దొరకదు. మీ విషయంలో అలాగే జరిగిందని నేను అనను. కానీ మోత పోవడం సాక్ష్యం కాదని చెప్పగలను.

కాబట్టి ఈ రెండు వారాలు ఇయర్‌ఫోన్లు, జాతరలు, డ్రిల్లింగ్ చప్పుడు అన్నీ పక్కన పెట్టండి. ఎప్పుడైనా హఠాత్తుగా ఒక చెవి మూసుకుపోయినట్టయితే వారం చూద్దాం అనుకోకుండా ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. ఫ్రీ రాడికల్స్‌ను అణుస్తాయంటూ చెవికని యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనొద్దు. జంతువుల్లో కొన్ని బాగా పని చేశాయి గానీ మనుషుల్లో అలా తేలలేదు.

ఇక ఎంత శబ్దంలో ఎంతసేపు ఉండొచ్చంటే, 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం అవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. బాపు దూది పెట్టుకునేవాడు, దూది పెద్దగా ఆపదు. మెత్తటి ఫోమ్ ప్లగ్స్ మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగి లోపలికి పెట్టండి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోండి.