పంది పిల్లలు పాలిపోతే కావాల్సింది హార్మోన్ కాదు, ఇనుము

ప్రశ్న: సిమెంటు నేల షెడ్డులో యార్క్‌షైర్ పందులు పెంచుతున్నాను. ఈ ఈతలో 10 పిల్లలు పుట్టాయి. రెండు వారాలకే తెల్లగా పాలిపోయి, ఆయాసపడుతున్నాయి. రెండు చనిపోయాయి. రక్తం పెరగడానికి 'రీకాంబినెంట్ పోర్సైన్ ఎరిత్రోపొయిటిన్' అని ఆన్‌లైన్‌లో కనిపించింది. పంది హార్మోనే కదా, తెప్పించి వేయవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దండీ, దానికి డబ్బు పెట్టకండి. రెండు పిల్లలు పోయాక మీకెంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసు. కానీ మిగిలిన ఎనిమిదింటికి కావాల్సిన మందు చవకైనది, మీ దగ్గరి పశువుల మందుల షాపులోనే దొరుకుతుంది.

మీరు చూసింది ప్రయోగశాల సరుకు. పంది జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారు చేయించిన హార్మోన్ అది. సీసాలో ఉండేది మైక్రోగ్రాముల్లోనే. పంది ఎముక మూలుగ కణాలను గాజు పాత్రలో పెంచి, అవి ఎర్ర రక్తకణాలుగా ఎలా మారుతున్నాయో చూడటానికి పరిశోధకులు వాడతారు. పశువుకు వేయడానికి దానికి మోతాదు లేదు, వేశాక మాంసం ఎన్ని రోజులకు అమ్మాలో లెక్కా లేదు. కుక్కలకు, పిల్లులకు మనుషుల ఎరిత్రోపొయిటిన్ వేసినప్పుడు కొన్నింటి శరీరం దానిపై తిరగబడి, తన సొంత హార్మోన్‌ను కూడా పనిచేయనివ్వకుండా చేసింది. రక్తం పెరగడం మాట అటుంచి, తయారీయే ఆగిపోయింది. హార్మోన్లతో చెలగాటం వద్దనేది అందుకే.

అసలు మీ పిల్లల్లో ఆ హార్మోన్‌కు కొదవ లేదు. రక్తం తగ్గి ప్రాణవాయువు చాలకపోతే కిడ్నీలే దాన్ని ఎక్కువగా వదులుతాయి. రక్తకణాలు తయారు చేయమని మూలుగకు కబురు చేరుతూనే ఉంది. మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు, సిమెంటు బస్తా లేదు. ఇంకో మేస్త్రీని పిలిస్తే గోడ లేస్తుందా? ఇక్కడ లేనిది ఇనుము.

పంది పిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది. రోజుకు 7 మిల్లీగ్రాముల దాకా కావాలి, తల్లి పాలలో దొరికేది ఒక్క మిల్లీగ్రామే. వారం తిరిగేసరికి నిల్వ ఖాళీ. పైగా ఆ వారంలోనే పిల్ల బరువు రెట్టింపవుతుంది. బయట తిరిగే పందులు ముట్టెతో మట్టి తవ్వి ఇనుము తెచ్చుకుంటాయి. సిమెంటు నేల మీద ఆ దారి మూసుకుపోతుంది. తల్లికి ఇనుము ఇంజెక్షన్ వేసినా పాలలో పెద్దగా పెరగదు, పిల్లకే వేయాలి.

కాబట్టి ఐరన్ డెక్స్‌ట్రాన్ తెచ్చుకోండి. పిల్లకు 200 మిల్లీగ్రాములు. సీసా మీద మిల్లీలీటరుకు 100 అని ఉంటే 2 మిల్లీలీటర్లు, 50 అని ఉంటే 4. చెవి వెనక మెడ కండలో వేయాలి. సూది గుచ్చే ముందు బొటనవేలితో చర్మాన్ని కొంచెం పక్కకు జరిపి పట్టుకోండి, సూది తీశాక వదిలేయండి. అప్పుడు రంధ్రం మూసుకుపోయి ఆ గోధుమరంగు మందు బయటికి కారదు. ముందు ఒకటి రెండింటికి వేసి కొన్ని గంటలు చూడండి. తల్లి మేతలో విటమిన్ ఇ, సెలీనియం తక్కువైతే పిల్లలు ఇనుమును తట్టుకోలేవు. ఆయాసపడే పిల్లలను తరమకండి, ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు.

వచ్చే ఈతలో ఈ ఇంజెక్షన్ మూడో రోజే వేసేయండి, పాలిపోయేదాకా ఆగొద్దు.

ఒక్క అనుమానం మిగిలింది. బొడ్డు నుంచి రక్తం కారినా పిల్లలు తెల్లబడతాయి, కానీ అది పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తుంది. ఇంజెక్షన్ వేసిన వారానికి కనురెప్ప లోపలి భాగం తిప్పి చూడండి. గులాబీ రంగు తిరిగి రాకపోతే మీ పశువైద్యుడిని పిలిపించి రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 8 గ్రాముల లోపే ఉంటే రెండో మోతాదు ఎప్పుడు వేయాలో ఆయనే చెబుతారు.