చెక్కు మన పేరున వచ్చింది, 1099-ఆర్‌లో కోడ్ 1 పడింది: టాక్స్ ఎంత?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఉద్యోగం మారారు. పాత కంపెనీ 401(కె)లో (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) ఉన్న 40,000 డాలర్లు ఐఆర్‌ఏకి (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) మార్చబోతే, టాక్స్ కింద 20 శాతం కోసుకుని 32,000కి మీ పేరున చెక్కు పంపారు. మీరు దాన్ని మూడు వారాల్లో ఐఆర్‌ఏలో వేశారు. జనవరిలో వచ్చిన 1099-ఆర్‌లో (రిటైర్మెంట్ ఖాతా నుంచి ఎంత చెల్లించారో చెప్పే ఫారమ్) మాత్రం బాక్స్ 1లోనూ (మొత్తం చెల్లింపు) 2ఏలోనూ (టాక్స్ పడే మొత్తం) 40,000 ఉంది, బాక్స్ 7లో కోడ్ 1, అంటే వయసు రాకముందే తీసిన డబ్బు అని ఉంది. డబ్బంతా మార్చేశాక టాక్స్ ఎందుకని మీ సందేహం.

డబ్బంతా మారలేదండీ, మారింది 32,000. కోసుకున్న 8,000 కూడా మీకు చెల్లించినట్టే లెక్క. అది ఐఆర్‌ఏలోకి వెళ్లలేదు కాబట్టి ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. వయసు 59½ దాటకపోతే, మినహాయింపులేవీ వర్తించకపోతే దానిమీద 10 శాతం, అంటే 800, అదనం. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే ఫెడరల్ టాక్స్ 1,760, పెనాల్టీ 800, మొత్తం 2,560. బాక్స్ 4లో ఉన్న 8,000 ముందే కట్టేసిన టాక్సు కాబట్టి మిగతా 5,440 మీ ఇతర బాకీకి సర్దుబాటవుతుంది, లేదా రీఫండ్‌గా వస్తుంది. కాలిఫోర్నియాలో ఉంటే స్టేట్ టాక్స్‌తో పాటు ఇంకో 2.5 శాతం పెనాల్టీ ఉంటుంది. టెక్సాస్‌లో ఆ బాధ లేదు.

అయితే ముందు చెక్కు మీ చేతికందిన తేదీ చూసుకోండి. అప్పటినుంచి 60 రోజుల్లోపు ఆ 8,000 మీ సొంత డబ్బులోంచి ఐఆర్‌ఏలో వేస్తే 40,000 మొత్తం రోలోవర్ (ఒక రిటైర్మెంట్ ఖాతా నుంచి ఇంకోదానికి మార్చడం) అయినట్టే. టాక్స్ సున్నా, పెనాల్టీ సున్నా. కోసుకున్న 8,000 రిటర్న్‌లో క్రెడిట్‌గా వస్తుంది. డిసెంబర్ 10న అందిన చెక్కుకి ఫిబ్రవరి 8 దాకా టైముంటుంది, కాబట్టి ఫారమ్ వచ్చింది కదా, ఇంక అయిపోయిందిలే అనుకోకండి. వేసేటప్పుడు డిపాజిట్ స్లిప్పులో గానీ ఆన్‌లైన్‌లో గానీ "60 రోజుల రోలోవర్" అనే ఎంచుకోవాలి. మామూలు వార్షిక కాంట్రిబ్యూషన్‌గా పడితే 7,000 పరిమితి (2025లో, 50 ఏళ్లలోపు వాళ్లకి) దాటిపోతుంది. దాటినదాని మీద, సరిదిద్దేదాకా ఏటా 6 శాతం కట్టాలి.

కోడ్ 1 వేయడంలో ప్లాన్ వాళ్ల తప్పేమీ లేదు. తమ దగ్గర్నుంచి ఎంత బయటికెళ్లిందో, ఎవరి పేరున వెళ్లిందో వాళ్లకి తెలుసు. తర్వాత మీరేం చేశారో తెలియదు, అది మీ రిటర్నే చెప్పాలి. 1040 ఫారమ్‌లో (మీ ఫెడరల్ రిటర్న్) 5ఏ లైన్లో 40,000, 5బీలో 8,000 వేసి (మొత్తం భర్తీ చేస్తే 5బీలో సున్నా) రోలోవర్ అని చూపించండి. కోసుకున్న టాక్స్ 25బీ లైన్లోకి వెళ్తుంది. డబ్బు అందుకున్న ఐఆర్‌ఏ సంస్థ ఫారమ్ 5498లో ఆ రోలోవర్‌ని ఐఆర్‌ఎస్‌కి (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) తెలియజేస్తుంది. కానీ అది మే నెలాఖరుకి గానీ రాదు, దానికోసం ఫైలింగ్ ఆపక్కర్లేదు. డిపాజిట్ కనిపించే స్టేట్‌మెంట్ దాచుకుంటే చాలు.

ఈసారి ఇలా జరగకుండా ఉండాలంటే "డైరెక్ట్ రోలోవర్" అని స్పష్టంగా అడగండి. అప్పుడు కూడా చెక్కు మీ ఇంటికే రావచ్చు, కంగారు పడొద్దు. చెక్కు మీద ఎవరి పేరుందో చూడండి. కొత్త సంస్థ పేరు, దాని తర్వాత ఎఫ్‌బిఓ (ఫలానావారి కోసం అని అర్థం) అని, ఆపైన మీ పేరు ఉంటే అది డైరెక్ట్ రోలోవరే. టాక్స్ కోయరు, 1099-ఆర్‌లో కోడ్ జి పడుతుంది, ట్రెడిషనల్ (టాక్స్ తర్వాత కట్టే రకం) నుంచి ట్రెడిషనల్‌కైతే 2ఏలో సున్నా ఉంటుంది. అలాంటి చెక్కుకి కూడా కోడ్ 1 వేసి ఉంటే అది ప్లాన్ వాళ్ల తప్పే. చెక్కు కాపీ పంపి, సరిచేసిన ఫారమ్ అడగండి. కోడ్ జి వచ్చినవాళ్లు కూడా టాక్స్ లేదు కదా అని ఫారమ్‌ని పక్కన పడేస్తుంటారు. ఐఆర్‌ఎస్ దగ్గర కాపీ ఉంటుంది, మీ రిటర్న్‌లో ఉండదు, కొన్నాళ్లకి రెండూ సరిపోలడం లేదని సీపీ2000 నోటీసు రావచ్చు.

పాత ప్లాన్‌లో లోన్ ఏమైనా మిగిలిందా? ఉద్యోగం వదిలాక ఆ బాకీని ఖాతాలోంచే మినహాయించుకుంటే కోడ్ ఎం పడుతుంది. దానికి 60 రోజుల గడువు కాదు, ఆ ఏడాది రిటర్న్ గడువు దాకా, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి, అంత మొత్తాన్ని ఐఆర్‌ఏలో వేసుకోవచ్చు. కోడ్ ఎల్ (వాయిదాలు కట్టక లోన్‌నే చెల్లింపుగా లెక్కేయడం) పడితే ఆ అవకాశం లేదు.

ఇండియాకి తిరిగొచ్చేసి అమెరికా టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్ అయినవాళ్ల సంగతి వేరు. డబ్ల్యు-8బెన్ (నేను విదేశీయుణ్ణని సంస్థకిచ్చే ఫారమ్) ఇచ్చి ఉంటే 1099-ఆర్ బదులు 1042-ఎస్ వస్తుంది, మామూలుగా 30 శాతం కోస్తారు, నాన్‌రెసిడెంట్ల రిటర్న్ అయిన 1040-ఎన్‌ఆర్ వేయాలి. పాత అమెరికా అడ్రసూ పాత డబ్ల్యు-9 (అమెరికా టాక్స్ రెసిడెంట్లు ఇచ్చే ఫారమ్) తోనే నెట్టుకొస్తే తప్పు ఫారమ్ వచ్చి చిక్కులో పడతారు. ఇండియా రిటర్న్‌లో ఇంకో మెలిక: అమెరికా ఫారమ్ జనవరి నుంచి డిసెంబర్ దాకా, మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఫిబ్రవరిలో కొంత, ఆగస్టులో కొంత తీస్తే రెండూ ఒకే ఫారమ్‌లో ఉంటాయి గానీ ఇక్కడ రెండు వేర్వేరు ఆర్థిక సంవత్సరాల్లోకి వెళ్తాయి. కాబట్టి ఫారమ్‌లోని మొత్తం కాకుండా ఖాతా స్టేట్‌మెంట్‌లోని తేదీలు పట్టుకుని విడగొట్టుకోండి. అక్కడ కట్టిన టాక్స్‌కి క్రెడిట్ అడిగేటప్పుడు కూడా అదే పద్ధతి.